పెన్సిల్ పట్టేంత సందు

కొత్తగా పత్రిక డెస్కులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు సూరత్‌లో, అడాజన్‌లోని మా ఫ్లాటుకు వస్తుంటారు. టీ తాగుతారు, ఆఫీసు కబుర్లు చెబుతారు, లేవబోయే ముందు అందరూ అడిగేది ఒకటే. "సార్, మీ సర్వీసులో మీరు చేసిన అతి పెద్ద తప్పు ఏంటి?" బతికున్న నాయకుణ్ని చంపేశాననో, ఓడినవాణ్ని గెలిపించాననో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ చేశాను. మర్నాడు వేసిన సవరణతో అవి చెల్లిపోయాయి. నా మనసులో చెల్లకుండా ఉండిపోయింది మాత్రం ఒక గోడ. ఆ గోడ ఎలా వేసుకోవాలో చెప్పే వ్యాసంలో నేను ఐదు లైన్లు కొట్టేశాను. అంతే. ఇంత చిన్న సంగతా అని వాళ్ల ముఖాలు వాలిపోతాయి. అందుకే ఒకసారి పూర్తిగా రాసి పెడుతున్నాను.

మా పత్రికకు సూరత్‌లో ఆదివారం ఒక తెలుగు పేజీ ఉండేది. మగ్గాల పనికని తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల కోసం అది. నేనూ ఆ కుటుంబాలవాణ్నే. మా నాయన మగ్గం నడిపాడు. నాకు ఆ పని చేతకాక పేపర్లోకి వచ్చాను. ఆ పేజీ అడుగున "మీ చేత్తో మీరే" అని ఒక శీర్షిక నడిపేవాణ్ని. కారే కుళాయి, ఊగే కుర్చీ, దోమలు దూరే కిటికీ, వీటిని మిస్త్రీని పిలవకుండా బాగుచేసుకోవడం ఎలాగో చెప్పాలి. సరుకు హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చేది. నేను దాన్ని తెలుగు చేసి, సగానికి కుదించి వేసేవాణ్ని. మా ఇంట్లో బల్బు మార్చాల్సి వస్తే మా ఆవిడే కుర్చీ ఎక్కేది. నేను కుర్చీ కదలకుండా పట్టుకునేవాణ్ని. ఈ సంగతి పాఠకులకు తెలియదు.

ఒక వారం ఇంటి గోడకు చెక్క పలకల తొడుగు వేసుకోవడం గురించి వచ్చింది. చెక్క దిమ్మెను నిలువునా చీల్చి పలుచటి పలకలు తీస్తారు. వాటిని కింది నుంచి పైకి, చేప పొలుసుల్లాగా, ఒక వరుస మీద సగం కప్పేలా ఇంకో వరుస పెట్టి గోడకు మేకులు కొడతారు. వాన ఆ పలకల మీద నుంచే జారిపోతుంది, గోడకు తడి అందదు. సూరత్‌లో ఎవరు వేసుకుంటారండీ ఇది అన్నాను మా చీఫ్‌తో. "ఎవరూ వేసుకోరు. బొమ్మ బాగుంది, వేసెయ్" అన్నాడు.

పేజీ శనివారం మధ్యాహ్నం కట్టేస్తాం. సరిగ్గా ఆ వేళకు చీరల సేల్ ప్రకటన ఒకటి వచ్చి పడింది. పేజీలు పెట్టే గుజరాతీ మిత్రుడు, మేమంతా లేఅవుట్ భాయ్ అనేవాళ్లం, మెడ తిప్పకుండానే చెప్పాడు. "భాయ్, పాంచ్ లైన్ కమ్ కరో." ఐదు లైన్లు తగ్గించాలి.

నాకు ప్రింటు తీసుకుని ఎర్ర పెన్సిల్‌తో దిద్దే అలవాటు. వ్యాసం పైనుంచి కిందికి చూశాను. మేకుల గురించి తీయలేను. వరుసల గురించి తీయలేను. మధ్యలో ఒకచోట ఉంది: పలకకూ పలకకూ నడుమ పెన్సిల్ పట్టేంత సందు వదలాలి, చెక్క వానకు ఉబ్బుతుంది, చోటు లేకపోతే ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి, పై వరుస కప్పుతుంది కనుక సందులో నీళ్లు పోతాయన్న భయం అక్కరలేదు. సరిగ్గా ఐదు లైన్లు. నేత ఇంట్లో పుట్టినవాణ్ని. గుడ్డలో సందు కనిపిస్తే మా నాయన అన్నం మానేసేవాడు. సందు వదలమని చెప్పే వాక్యం నా పెన్సిల్ కింద చాలా తేలిగ్గా తెగింది.

నాలుగు వారాలకు ఫోను వచ్చింది.

"సారూ, చెక్క గోడ సంగతి రాసింది మీరేనా?"

"నేనే. చెప్పండి."

"జోల్వా నుంచి మాట్లాడుతున్న. కార్ఖానల జాబర్ను. మీరు రాసినట్టే ఏసిన. అయిపోయింది. జర ఒక్కసారి వచ్చి చూడాలె."

జోల్వా సూరత్ శివారులో మగ్గాల కార్ఖానాలున్న ఊరు. జాబర్ అంటే మగ్గం మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చే మనిషి. అంత పనివాడు నా శీర్షిక చదివి గోడ వేసుకున్నాడంటే నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. ఆదివారం కెమెరా తీసుకుని వెళ్లాను. మే నెల, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ.

వరుస ఇళ్లలో చివరి ఇల్లు వాళ్లది. పడమటి గోడ ఒంటి ఇటుకది. ఎండా వానా మొత్తం దాని మీదే. ఇప్పుడా గోడ తేనె రంగులో మెరుస్తోంది. కొత్త మగ్గాలు ఓడల్లో వచ్చేటప్పుడు పెట్టెల అడుగున లావుపాటి చెక్క దిమ్మెలు వేసి పంపుతారట. అవి కార్ఖానా వెనక పడి ఉంటే సేఠ్‌ను అడిగి తెచ్చుకున్నాడు. కొబ్బరికాయలు కొట్టే కత్తి నిలబెట్టి, వెనక సుత్తితో కొట్టి, ఒక్కొక్క పలకా చీల్చాడు. అవిసె నూనె పట్టించాడు. డ్యూటీ దిగాక రోజూ రెండు వరుసలు. నా వ్యాసం ముక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించాడు.

"చూడుండ్రి సారూ," అని జేబులోంచి దారం పోగు తీసి రెండు పలకల నడుమ పెట్టి లాగాడు. లోపలికి పోలేదు. "దారం దూరదు. ఏడనన్న దూరితే నా పేరు మార్చుకుంట."

నేను వేలి గోరుతో ప్రయత్నించాను. గోరూ దూరలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని మురిసిపోయాం.

ఆయన భార్య సర్వపిండి తెచ్చి పెట్టింది. ఆ గోడ వెనక గది ఆమెది. పన్నెండేళ్లు కార్ఖానాలో బాబిన్లకు దారం చుట్టిందట. ఆ నూగు ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంది. పని మానేసి సకినాలు, మురుకులు, గరిజెలు చేసి డబ్బాల్లో అమ్ముతోంది. సూరత్‌లోని కతర్‌గామ్ నుంచి కూడా వచ్చి పట్టుకుపోతున్నారు. కానీ పోయిన వానాకాలం గోడ చెమ్మ ఎక్కి, మురుకులు మెత్తబడ్డాయి, పిండికి బూజు పట్టింది.

"ఈసారి గూడ గోడ తడిసిందంటే, అన్నా, మల్ల బాబిన్ల కాడికే పోవుడు. దగ్గుకుంట చుట్టుడు," అంది.

"తడవదే," అన్నాడు ఆయన.

ఆమె గోడ దగ్గరికి వెళ్లి పలకల మీద చెయ్యి వేసి చూసింది. "నాకొకటి సమజ్ అయితలేదు. ఇవి గింత దగ్గర దగ్గర ఉండాల్నా? ఊపిరాడనట్టు కొడుతున్నయి."

"అబ్బో, ఇంజినీరమ్మ వచ్చింది. పోయి పిండి పిసుకు," అన్నాడు జాబర్, నవ్వుతూనే.

ఆమె నన్ను చూసింది. పేపరులో రాసినవాణ్ని కదా. నేను గొంతు సవరించుకుని, జీవితంలో ఒక్క మేకు కూడా కొట్టని మనిషికి ఉండే ధైర్యంతో చెప్పాను. "అతుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది చెల్లె."

ఫోటో తీసి ఆ వారమే వేశాను. "దారం దూరని గోడ" అని కింద రాశాను. కార్ఖానా ముందు టీ కొట్టులో ఆ ముక్క అతికించారని తర్వాత తెలిసింది.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. పది రోజులకు మళ్లీ జోల్వా నుంచి ఫోను. ఈసారి ఆమె.

"అన్నా, నీ ఫోటో గోడ లేస్తున్నది. జర వచ్చి చూస్తవా?"

వెళ్లాను. ఎండకు బాగా ఎండిన చెక్క, నాలుగు రోజుల ముసురుకు నీళ్లు తాగి ఉబ్బింది. పక్కకు జరగడానికి వీల్లేదు. పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని, నూనెలో పూరీ పొంగినట్టు గోడ మధ్యలో పొంగాయి. మేకులు పీక్కుని బయటికి వచ్చాయి. కొన్ని పలకలు బురదలో పడి ఉన్నాయి. ఆ ఖాళీల్లోంచి నీళ్లు నేరుగా ఇటుకల్లోకి పోతున్నాయి. లోపల ఆమె పిండి డబ్బాలు మంచం మీదికి ఎక్కాయి. గోడ మీద తడి నా భుజం ఎత్తు వరకు వచ్చింది.

జాబర్ గడప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "మీరు మంచిగనే రాసిండ్రు సారూ. నా చేతులనే ఉన్నది లోపం. యాడనో కొలత తప్పిన."

"కార్ఖానల ఏమంటుండ్రో తెలుసా అన్నా," అంది ఆమె. "పేపరాయన వచ్చి ఫోటో తీసిండు, వాన వచ్చి గోడ తీసింది అంటుండ్రు. ఈయన మూడు దినాల సంది టీకి గూడ పోతలేడు."

నాకు అప్పుడే ఎక్కడో కలుక్కుమంది. ఆ సాయంత్రమే ఆఫీసుకు వెళ్లి పాత ప్రింట్ల కట్ట విప్పాను. దొరికింది. ఐదు లైన్ల మీద ఎర్ర గీత. చేతిరాత కూడా అక్కరలేదు, ఆ గీత వంపు చూస్తేనే నాదని తెలుస్తుంది. లేఅవుట్ భాయ్‌కి చూపించాను. చూసి, నాలుక కొరుక్కుని, మళ్లీ స్క్రీను వైపు తిరిగాడు. "ఛోడో భాయ్. కిస్‌కో పతా హై?"

నిజమే. ఎవరికి తెలుసు? ఆయన తప్పు తనదే అనుకుంటున్నాడు. మనసులో సాకులు కూడబెట్టుకుంటూ నాలుగు రోజులు గడిపాను. చెక్క మంచిది కాదేమో. మేకులు పొట్టివేమో. జాబర్ కదా, ఆయనకే తెలిసి ఉండాల్సింది. రిపోర్టరుగా ఎంతమంది అధికారుల నోట ఇలాంటి మాటలు విని నోట్‌బుక్కులో రాసుకున్నానో! నా నోట వింటే ఎంత తెలివిగా అనిపించాయో!

శుక్రవారం ఆమెకు ఫోను చేశాను, గోడ ఎలా ఉందని.

"ఇంకేం గోడన్నా. సోమవారం నుంచి బాబిన్లకు పోతున్న. సేఠ్‌తోని మాట్లాడిన," అంది. దగ్గింది. అది పాత దగ్గో, తడి గదిలో పడుకున్న దగ్గో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్నే ఆ ప్రింటు మడత పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి చదివాను. కొట్టేసిన ఐదు లైన్లూ, ఒక్కో మాటా. చదివి, "ఇది తీసేసింది నేను. చీరల ప్రకటన కోసం," అన్నాను.

జాబర్ కాగితం తీసుకుని ఎర్ర గీత కింది లైన్లు తనే మళ్లీ చదివాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"సారూ," అన్నాడు చివరికి, "ఒక ముచ్చట చెప్త, ఏమనుకోకుండ్రి. మీరు ఇది రాసినా నేను ఇడిచేటోన్ని కాదు."

"అదేంటి?"

"సందు ఇడువుమంటే ఎట్ల ఇడుస్త? ముప్పై ఏండ్ల సంది నేను చేసే పనే సందు లేకుండ చేసుడు. గుడ్డల సందుంటే మాల్ వాపసొస్తది. ఇది చదివితే, పేపరోళ్లకేం తెల్సని నవ్వి, దగ్గరికే కొడుదును."

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మంచిగున్నది. ఒకాయనేమో రాయడు. ఇంకొకాయనేమో రాసినా ఇనడు. నడుమల నా పిండి తడిసె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "మే నెలల నేను అడిగిన్నా లేదా? ఊపిరాడనట్టు ఉన్నయి అంటే పిండి పిసుకు పొమ్మంటిరి. సకినాలు పోసేటప్పుడు గుడ్డ మీద ఒకదానికొకటి తగలనిస్తమా? తగిలితే అతుక్కపోతయి, తీస్తే ఇరుగుతయి. గది గూడ పేపర్ల రాయాల్నా?"

అన్నీ తెలుసనుకున్న మా ఇద్దరిలో, అడగాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు.

"చెల్లె, ఒక్క వారం ఆగు," అన్నాను. "సోమవారం పోకు."

"ఒక్క వారమే," అంది.

ఆ రోజే పలకలన్నీ ఊడదీశాం. గోడకు టార్పాలిన్ కట్టాం. పలకల్ని కార్ఖానాలో పెద్ద ఫ్యాను ముందు, నడుమ పుల్లలు పెట్టి పేర్చాడు జాబర్. మగ్గాల వేడికి, ఆ గాలికి వారంలో చాలావరకు ఆరాయి. మరుసటి ఆదివారం వాన తెరిపి ఇచ్చింది. నేను మొదటిసారి సుత్తి పట్టుకున్నాను. మొదటి పావుగంటలోనే బొటనవేలు మీద కొట్టుకున్నాను. "రాసుడు అల్కగ ఉంటదా సారూ?" అన్నాడు జాబర్. చాలా తేలిగ్గా ఉంటుందని ఒప్పుకున్నాను. నా చేతిలోంచి సుత్తి తీసేసుకుని పలక పట్టుకునే పని ఇచ్చారు. కుర్చీ పట్టుకున్న అనుభవం అక్కడ పనికొచ్చింది.

సందు కొలవడానికి నా ఎర్ర పెన్సిలే వాడాం. కానీ కొత్త చిక్కు వచ్చింది. జాబర్ పలక పెడతాడు, పెన్సిలంత సందు వదులుతాడు, మేకు అందుకుంటాడు. ఆలోపల రెండో చెయ్యి తనకు తెలియకుండానే పలకను మెల్లగా పక్కకు జరిపేస్తుంది. చూస్తే సందు ఉండదు. రెండుసార్లు ఊడదీశాం. మూడోసారి ఆయన తన చెయ్యి వైపే కోపంగా చూశాడు. "ఇది నా మాట ఇంటలేదు."

ఆమె వచ్చి పెన్సిల్ లాక్కుంది. "ఇది నా చేతుల ఉంటది. పలక పెట్టు. నేను నడుమల పెన్సిల్ పెడుత. మేకు దిగినంకనే గుంజుత. అప్పటిదాంక నీ చెయ్యి కదిలిందా, సుత్తి నాకియ్యాలె."

అలా ముగ్గురం. నేను పలక పట్టుకోవడం, ఆమె పెన్సిల్ పెట్టడం, ఆయన మేకు కొట్టడం. ఒక వరుస సందు మీద పై వరుస పలక నడుమ భాగం వచ్చేలా పెట్టుకుంటూ పోయాం. ప్రతి సందు దగ్గరా ఆయన ముఖం ముడుచుకునేది. ఆమె అది చూసి ఇంకొంచెం ఎక్కువసేపు పెన్సిల్ అక్కడే ఉంచేది. మధ్యాహ్నానికి నేను "సారు"ను కాకుండా పోయాను. "బావా, జర ఎత్తి పట్టు" అంటున్నాడు జాబర్. ఆమె నన్ను మొదటి రోజు నుంచే అన్నా అంటోంది కదా, వరస అదే.

చివరి వరుసలో ఆఖరి సందు. ఆమె పెన్సిల్ పెట్టింది, ఆయన మేకు కొట్టాడు, ఆమె గుంజింది. కాస్త బిగుసుకుంది, రాలేదు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. "ఉండనియ్ తియ్," అన్నాడు జాబర్. అందరం లోపలికి పరిగెత్తాం.

మూడు రోజులు విడవకుండా కొట్టింది వాన. తపతి నీళ్లు పెరిగాయని మా పేజీల నిండా ఫోటోలు. నాలుగో రోజు డ్యూటీ మధ్యలో చెప్పకుండా జోల్వా వెళ్లాను. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడితే, ఆమె లోపలికి పిలిచి నా అరచెయ్యి పట్టుకుని గోడకు ఆనించింది. చల్లగా ఉంది. తడి లేదు. డబ్బాలు మంచం దిగి మళ్లీ అరలోకి వెళ్లాయి. పొయ్యి మీద మూకుడు. బాబిన్ల సంగతి నేను అడగలేదు. మురుకు విరిచి నా చేతిలో పెట్టింది. కరకరమంది.

సవరణ వేయాలని చీఫ్‌ను అడిగితే కళ్లజోడు పైకి తోసి చూశాడు. "మంత్రి గారి మాటకు వేశాం, కోర్టు వార్తకు వేశాం. చెక్క గోడకు సవరణ ఏంటయ్యా?" జాగా లేదన్నాడు. ఐదు లైన్లే కదా అన్నాను. ఆ ఐదు లైన్లు ఎక్కడివి అన్నాడు. శీర్షిక పక్కన నా పేరు, నా చిన్న ఫోటో ఉండేవి. లేఅవుట్ భాయ్ లెక్కవేసి చెప్పాడు, ఆ రెండూ తీస్తే సరిగ్గా ఐదు లైన్లు. తీయించాను. ఏ పాఠకుడూ తేడా గమనించలేదు. జాబర్ మాత్రం ఆ ముక్క కోసి తీసుకెళ్లి టీ కొట్టులో పాత ఫోటో మీద అతికించాడు. ఆ రోజు నుంచి టీకి వెళ్తున్నాడట.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. లైన్లు కొట్టండి, కొట్టక తప్పదు. కొట్టే ముందు ఆ లైనులో ఎవరి గోడ ఉందో ఒక్క క్షణం చూడండి. పక్కన సకినాలు చేసే మనిషి ఉంటే అడగండి.

నేను రిటైరై నాలుగేళ్లయింది. పెన్సిల్ ఇప్పటికీ ఆ గోడకే ఉంది. ఎండాకాలం చెక్క ఎండి సందు పెద్దదై, పెన్సిల్ వదులై కింద పడుతుంది. జాబర్ తీసి మళ్లీ అదే సందులో దోపుతాడు. వానలు రాగానే చెక్క ఉబ్బి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రుతుపవనాలు వచ్చాయని మా పాత ఆఫీసు వాళ్లు వార్త వేసే లోపలే నాకు జోల్వా నుంచి ఫోను వస్తుంది.

ఈ ఏడూ వచ్చింది.

"అన్నా, నీ పెన్సిల్ గుంజితే వస్తలేదు."

"లోపల చెయ్యి పెట్టి చూసినవా?"

"చూసిన." వెనక మూకుట్లో నూనె చిటపటమంటోంది. "పొడిగున్నది. ఆదివారం ఖాళీగుంటే రా. సకినాలు పోస్తున్న. నువ్వు గుడ్డ పట్టుకోవాలె."